పున్నమి మొహాల సంఘం

ప్రెస్సు వెనక, బైండింగ్ గది
గురువారం

అమ్మమ్మా,

నువ్వు పడిపోయి మణికట్టు విరగ్గొట్టుకున్నావని అమ్మ మా ప్రెస్సుకి ఫోన్ చేసి చెప్పింది. నాకు సొంత ఫోను లేదని నీకు తెలుసుగా. సెల్‌ఫోను మనిషి మెడకి కట్టిన పలుపుతాడని ఒక కరపత్రంలో చదివి, ఆ సాయంత్రమే అమ్మిపారేశాను. కరపత్రం అడుగున, వివరాలకు సంప్రదించండి అని దాన్ని రాసినాయన ఫోను నంబరు ఉందని తరవాత చూసుకున్నాను. సంప్రదించడానికి ఫోను లేదు.

నీ సంగతి వినగానే బాధ కలిగింది, దాని వెనకే కోపం వచ్చింది. నాకు ఏది వచ్చినా కోపాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. కోపం నీ మీద కాదు, నీ డాక్టరు మీద. విరిగిన చోట కట్టు కట్టి పంపేయక, ఎముకలు గుల్లబారాయని బెదరగొట్టి, వారానికో మాత్ర చొప్పున ఏళ్ల తరబడి మింగమన్నాడట. ముసలితనానికి జబ్బని పేరు పెట్టి అమ్ముకునే వ్యాపారమిది. దీని మీద నేను నాలుగు కరపత్రాలు చదివాను. నాలుగోది నేను రాసిందే. మొదటి మూడింట్లోంచి ఎత్తి రాశాను కాబట్టి నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆ మాత్రలు ముట్టుకోకు. ఈ ఉత్తరంతోపాటు ఒక పొట్లం పంపుతున్నాను. మా 'మందులు లేని బతుకు సంఘం' వాళ్ల పొడి ఇది. సైకిలు షాపు మేడ మీద కలుస్తాం మేమంతా. మా పెద్ద, డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన నిలబడితే ఎదుటివాడి వెన్ను దానంతటదే నిటారుగా అయిపోతుంది. పొడి పొద్దున చెంచాడు, సాయంత్రం చెంచాడు, గోరువెచ్చని నీళ్లలో. అంతా వేర్లూ, ఆకులూ. చిన్నప్పుడు ఆయాసంతో నేను నిద్రపోకపోతే భుజాన వేసుకుని గదంతా తిరిగేదానివి కదా, ఆ ఆయాసం ఈ పొడితో పారిపోయింది. మొహం కూడా నిండింది. నా బుగ్గలు చూస్తే గుర్తుపట్టవు, పున్నమి చంద్రుడే. సంఘంలో అందరివీ ఇవే మొహాలు. కొత్తగా వచ్చినవాళ్లకి మమ్మల్ని వరసగా నిలబెట్టి చూపిస్తారు మాస్టారు.

నాన్నతో మాటల్లేవు, అడగకు. మందుల షాపు నడిపే మనిషి కొడుకుగా పుట్టడం నా తప్పు కాదు, ఆ ఇంట్లో ఉండటం తప్పని బయటికొచ్చేశాను.

మోసం ఎక్కడ లేదు చెప్పు. మొన్న మా దర్జీ కొత్త లాల్చీ బారుగా కుట్టాడు. "పాత కొలతే బాబూ" అంటాడు. పాత కొలతైతే ఇది మోకాళ్లు దాటి ఎక్కడికి పోతోందని నడిబజార్లో నిలదీశాను. జనం పోగయ్యారు. చివరికి కింద మడిచి కుట్టించుకుని తెచ్చుకున్నాననుకో, కానీ నైతికంగా గెలిచింది నేనే.

పొడి మొదలుపెట్టగానే రాయి.

నీ మనవడు


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ కోపిష్టీ,

విరిగింది ఎడమ చెయ్యి కాబట్టి నా ఉత్తరాల బెడద నీకు తప్పలేదు.

జారిపడ్డానని ఊరందరికీ చెప్పాను. నీకొక్కడికి నిజం చెబుతున్నా, మీ అమ్మకి చేరెయ్యకు. బొద్దింకని చెప్పుతో కొట్టబోయి పడ్డాను. దెబ్బ గురి తప్పింది, నేను మాత్రం తప్పలేదు. బొద్దింక నిమ్మళంగా ఉంది, నిన్న కూడా కనబడింది. మర్యాదగా పక్కకి తప్పుకుని దారిచ్చాను.

డాక్టరు చేతికి ఎక్స్‌రే తీసి, ఇంత చిన్న దెబ్బకి ఇలా విరగకూడదని, ఇంకో పరీక్షకి పంపాడు. బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ల కింద ఒక పెట్టె పెట్టారు. పైన చెయ్యిలాంటిదొకటి నా తుంటి మీంచీ నడుము మీంచీ మెల్లగా నడిచి వెళ్లింది. నొప్పి లేదు, చప్పుడు లేదు. మీ తాతతో కాపురం కన్నా తేలిగ్గా ముగిసింది. తరవాత మార్కులిచ్చారు. ఆ పరీక్షలో సున్నా వస్తే ఫస్టు క్లాసట. నాకు మైనస్ మూడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అన్నేళ్లు పనిచేశాను, సున్నా కింద కూడా అంకెలుంటాయని ఇప్పుడు తెలిసింది.

డాక్టరు చెప్పిన మాట నాకు నచ్చింది. "ఎముకంటే రాయి కాదమ్మా, ఎప్పుడూ పని సాగే ఇల్లు. ఓ పక్క కూలగొడుతుంటారు, ఓ పక్క కడుతుంటారు. మీ వయసులో కూలగొట్టేవాళ్లు మిగిలారు, మేస్త్రీలు వెళ్లిపోయారు. ఈ మాత్ర వేసుకుంటే కూలగొట్టేవాళ్ల చేతిలో గునపాలు లాక్కుంటుంది" అన్నాడు. రక్తం కూడా తీసుకున్నారు, ఇంకేదైనా జబ్బు దాక్కుని ఈ పని చేస్తోందేమోనని.

భయం లేదని గొప్పలు చెప్పను. ఈసారి పడితే విరిగేది తుంటి. తుంటి విరిగితే ఈ మెట్లు ఎక్కలేను. మీ మావయ్య నన్ను తీసుకెళ్లి వాళ్ల హాల్లో టీవీకి ఎదురుగా పెడతాడు. పెద్ద శబ్దంతో పాటలపోటీలు. నాకు ఈ కిటికీ కావాలిరా. కింద వీధిలో ఎవరు ఎవరితో తగాదా పడుతున్నారో పైనుంచి చూస్తుంటే, ఎక్స్ఛేంజిలో ఉన్నట్టే ఉంటుంది.

పొట్లం అందింది. దానికి చుట్టిన నీ కరపత్రంలో తప్పులు దిద్ది తిరిగి పంపుతున్నా. 'దోపిడీ'కి దీర్ఘం మరిచావు. పొడి సంగతంటావా, నువ్వంతగా చెప్పాక కాదంటానా.

అమ్మమ్మ


బైండింగ్ గది
మంగళవారం

అమ్మమ్మా,

నువ్వు పొడి మొదలుపెట్టావని చదివి ఎగిరి గంతేశాను. మాటవరసకి కాదు, నిజంగానే గంతేశాను. దిగేటప్పటికి నడుము పట్టేసింది. మా మెషీన్ అన్న, అంటే ప్రెస్సులో అచ్చు యంత్రం నడిపే ఆయన, నన్ను పట్టుకుని కాగితాల కట్ట మీద కూర్చోబెట్టి, "విప్లవం వాయిదా పడిందా తమ్ముడూ?" అన్నాడు. ఆ మాటకి ఒళ్లు మండి లేవబోయాను. లేవలేకపోయాను.

మాస్టారికి చెబితే, ఒంట్లో పాత విషాలు బయటికి పోతున్నాయి, పొడి రెట్టింపు చెయ్యి అన్నారు. చేశాను. మర్నాటికే నొప్పి చాలావరకు తగ్గింది, ఆకలి కూడా దంచేస్తోంది. ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఇప్పుడు నీ వల్ల ఒక పని కావాలి. పొడి వాడాక నీకెలా ఉందో నాలుగు ముక్కలు రాసి పంపు, అచ్చేసి పంచుతాం. మా మాటలు ఎవరూ నమ్మట్లేదు, వయసులో ఉన్నవాళ్లు కాబట్టి బాగానే ఉంటారంటున్నారు. మైనస్ మూడు ఉన్న అమ్మమ్మ చెబితే నోళ్లు మూతపడతాయి. మన వంశంలో ఉద్యమానికి పనికొచ్చిన మొదటిదానివి నువ్వే అవుతావు. నేను ఇంకా లెక్కలోకి రాలేదు, చీపురు పట్టుకుని మేడ ఊడ్చే దశలోనే ఉన్నాను.

నీ మనవడు


కిటికీ పక్క కుర్చీ
ఆదివారం పొద్దున్న

ఒరేయ్,

ఇదిగో నీ నాలుగు ముక్కలు. "నేను మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలిదాన్ని. ఎముకలు గుల్లబారాయన్నారు. మా మనవడు పంపిన పొడి వచ్చాక చేతి నొప్పి తగ్గింది. మెట్లు దిగుతున్నాను, ఎక్కుతున్నాను." పేరు వెయ్యకు. మీ మావయ్య చదివాడంటే ఆ పొట్లం వెతకడానికి రైలెక్కుతాడు.

నాకు నచ్చనిది నీ నడుము. పాతికేళ్ల వెధవకి గంతేస్తే నడుము పట్టెయ్యడమేమిటి? నీ వయసులో మీ తాత గోడలు దూకేవాడు, నా కోసమే, అది వేరే కథ. వెళ్లి ఎక్స్‌రే తీయించుకో. డాక్టర్ని తిట్టడానికైనా వెళ్లు, నీకు సరదా తీరుతుంది, నాకు సంగతి తెలుస్తుంది.

అమ్మమ్మ


బైండింగ్ గది, నేల మీద వెల్లకిలా పడుకుని
శుక్రవారం

అమ్మమ్మా,

నీ ముక్కలు అచ్చేశాం. 'మూడో అంతస్తు అమ్మమ్మ' అని పైన పెద్దక్షరాలు. మా సంఘంలో సిటీ బస్సు కండక్టరమ్మ ఉంది, ఆవిడ టిక్కెట్టుతోపాటు కరపత్రం కూడా చింపి ఇచ్చేసింది. మేడ మెట్ల మీద జనం. కీళ్లు పట్టేసినవాళ్లు, ఆయాసంవాళ్లు, "ఆ అమ్మమ్మ వాడే పొడి ఇవ్వండి" అని అడిగి మరీ పట్టుకెళ్లారు. మాస్టారు అందరి ముందూ నా భుజం తట్టారు. నొప్పెట్టింది, కానీ గర్వంగా ఉండి పైకి చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న కాగితం దుమ్ముకి తుమ్మాను. ఒక్క తుమ్ము. వీపులో ఎవరో ఎండుపుల్ల విరిచినట్టయింది, కూలబడ్డాను. మెషీన్ అన్న నన్ను కాగితం కట్టలు తోసే బండి మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తోసుకుపోయాడు. దారిపొడవునా నేను ఆసుపత్రుల దోపిడీ మీద ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాను. పడుకుని ఇచ్చిన మొదటి ఉపన్యాసం. జనం బాగానే విన్నారు, శవం మాట్లాడుతోందనుకున్నట్టున్నారు.

అక్కడ ఎముకల డాక్టరమ్మ నా మొహం వంక, చేతుల మీద కమిలిన మచ్చల వంక, పొట్ట మీద ఎర్రటి చారల వంక చూసి అడిగింది.

"ఏం మందులు వాడుతున్నావు?"

"ఏమీ వాడను. మందులకి వ్యతిరేకిని."

"పొడులూ, లేహ్యాలూ?"

"పొడి. అది మందు కాదు."

"మరేంటి?"

"ప్రకృతి."

"ఏదీ, ప్రకృతిని ఓసారి చూపించు."

జేబులోంచి పొట్లం తీసి ఇచ్చి, "మీరూ వాడండి, నీరసంగా కనబడుతున్నారు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. దాన్ని కవర్లో వేసి పరీక్షకి పంపించింది.

ఎక్స్‌రేలో నా వెన్నుపూసలు కొన్ని అణిగిన అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. గోడకి నిలబెట్టి ఎత్తు కొలిస్తే స్కూలు సర్టిఫికెట్లో ఉన్నదానికన్నా తక్కువొచ్చింది. తరవాత నీకు చేసిన పరీక్షే నాకూ చేశారు. బల్ల, కాళ్ల కింద పెట్టె, నడిచే చెయ్యి. నా మార్కులు నీకన్నా ఘోరం. అమ్మమ్మా, దర్జీ కుట్టింది సరైన లాల్చీయే. కురచైంది నేను.

ఆ పొడిలో ఏదో ఉందని డాక్టరమ్మ అనుమానం. "పరీక్ష వచ్చేదాకా ఉన్నపళంగా మానెయ్యకు, కుప్పకూలతావు" అంది. నేను ఊరుకుంటానా? అది మందే అయితే ఒక్క చెంచా కూడా ముట్టను. మందు కాకపోతే మానేస్తే నష్టం లేదు. ఎటు తిప్పి చూసినా నా తర్కం పక్కాగా ఉంది. గదికొచ్చి పొట్లాలన్నీ కాలవలో పోశాను. నువ్వు కూడా ఇవాళే ఆపెయ్.

నీ మనవడు


మూడో అంతస్తు
సోమవారం

కన్నా, డాక్టరమ్మ మాట విను. మళ్లీ వెళ్లు. పొడి కాలవలో పోశానని చెప్పు. సిగ్గుపడకు. నేను ప్రెస్సుకి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తడం లేదు. ఇంకేం రాయలేకపోతున్నాను.


జనరల్ వార్డు, తలుపు పక్క మంచం
బుధవారం

అమ్మమ్మా,

నీ ఉత్తరం మెషీన్ అన్న ఇక్కడికి తెచ్చిచ్చాడు. నేను అప్పటికే మంచమెక్కాను. పొడి మానేసిన కొద్ది రోజులకే వాంతులు. లేస్తే కళ్లు బైర్లు కమ్మాయి. సంఘం మేడ మెట్ల మీదే కూలిపోయాను. మళ్లీ అదే బండి, అదే దారి. ఈసారి ఉపన్యాసం లేదు. జనం నిరాశపడి ఉంటారు.

డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "మొదలుపెట్టేటప్పుడు ఎవర్నీ అడగలేదు సరే, ఆపేటప్పుడైనా అడగవా?" అంది. పరీక్ష ఫలితం వచ్చింది. వేర్లూ ఆకులూ ఉన్నమాట నిజమే. వాటిలో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపారు. ఆయాసాన్ని ఆపింది అదే, నొప్పులు తీసేసింది అదే. బుగ్గలూ దాని చలవే. ఒక పక్క మొహంలో పోస్తూ ఇంకో పక్క ఎముకల్లోంచి తోడేసింది. ఆరోగ్యానికి రుజువని మేం వరసగా నిలబడి చూపించిన మొహాలున్నాయి చూడు, వైద్య పుస్తకంలో సరిగ్గా ఆ మొహమే బొమ్మ వేసి ఉందట. ఆవిడ తెచ్చి చూపిస్తానంది, వద్దన్నాను.

ఆ స్టెరాయిడ్‌లాంటిది ఒంట్లో మామూలుగా కొద్దిగా తయారవుతూనే ఉంటుందట. బయటినుంచి నేను చెంచాలతో పోస్తుంటే, లోపల తయారుచేసేది బద్ధకించి పడుకుంది. దాన్ని మెల్లగా లేపాలి. అందుకని అదే మందు, ఇప్పుడు మాత్రల రూపంలో, నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వేసుకోవాలి. దాంతోపాటు ఎముకలకి క్యాల్షియం, విటమిన్ డి, వారానికోసారి గునపాలు లాక్కునే మాత్ర. అవును, నీకిచ్చిందే, నేను ముట్టుకోవద్దన్నదే. ఖాళీ కడుపున గ్లాసెడు నీళ్లతో మింగి అరగంట నడుం వాల్చకుండా ఉండాలి, లేకపోతే గొంతు కింద పుండు పడుతుందట. ఆయాసానికి గొట్టంతో పీల్చే మందు వేరే. మందులు లేని బతుకు సంఘం సభ్యుడి తలగడ పక్కన ఇప్పుడున్న సరంజామా ఇది.

మందులు ఒక సంచీలో వచ్చాయి. ఉత్తరమేమీ లేదు. ఒక్కో కవరు మీద ఏది ఎప్పుడు వేసుకోవాలో నాన్న చేతిరాతతో ఉంది. 'దోపిడీ' అని అరిచి బయటికొచ్చిన షాపు నుంచే.

ఇంతవరకూ నవ్వులాటగా రాశాను. ఇక్కడినుంచి రావడం లేదు.

నువ్వు, అమ్మమ్మా. నీకు ముందే మైనస్ మూడు. దాని మీద నేను పంపిన పొడి, చెంచా తరవాత చెంచా. డాక్టరు మాత్రలు మానిపించి మరీ. నువ్వు కూర్చున్న కొమ్మ నరుకుతూ అచ్చులో నీ పేరు చెప్పుకుని మురిశాను. మొన్న ఆపెయ్యమని రాశాను కదా, ఆపకు! అలాగని వాడకు! పొట్లం పట్టుకుని ఇవాళే నీ డాక్టరు దగ్గరికి వెళ్లు, మెట్ల మీద ఎవరినైనా తోడు పెట్టుకో. నీకేమైనా అయితే నేను

ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. పంపించేస్తున్నాను.


కిటికీ పక్క కుర్చీ
ఆదివారం పొద్దున్న

కన్నా,

ముందు ఊపిరి పీల్చుకో. నీ పొడి నేను చిటికెడు కూడా నోట్లో వేసుకోలేదు. వచ్చిన పొట్లం వచ్చినట్టే పూలకుండీలో గుమ్మరించాను. మొక్కకేం కాలేదు, దాని మొహం గుండ్రంగా ఉందో లేదో చెప్పలేను.

డాక్టరు మాత్రలే వేసుకుంటున్నాను, మొదటినుంచీ. నా మాత్ర రోజు ఆదివారం. మింగాక అరగంట వాలకూడదు కదా, ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కిటికీ పక్కన కూర్చుని నీకు ఉత్తరం రాసేదాన్ని. నువ్వు మాత్రలు మానెయ్యమని రాసిన ఉత్తరానికి, మాత్ర మింగి జవాబు రాశాను. అప్పుడు నాకది తమాషాగా ఉండేది.

ఎందుకు చెప్పలేదంటావా? కాదంటే నువ్వు అలుగుతావు. మీ నాన్నతో మాట మానేశావు, మీ అమ్మతో ముక్తసరి. మిగిలింది నేనొక్కదాన్నే. ఒక ముసలిదాని ఎముకల కోసం ఆ దారి కూడా మూసేసుకుంటావేమోనని భయం. పిల్లాడు మురుస్తున్నాడు, పోనీలే, నా ఒంటికి పోయేదేముంది అనుకున్నాను. నీ ఒంటికి పోతుందని తోచలేదు. నీ బుగ్గల సంగతి చదివి సంబరపడ్డాను కూడా. నేను పొడి మొదలుపెట్టానని నమ్మి గంతేసి నడుము పట్టేయించుకున్నావు, దాంతో చెంచా రెట్టింపు చేశావు. నేను మెట్లు ఎక్కింది ఎముక అతుక్కుని, చేతికట్టు విప్పాక.

చాలా తెలివైనదాన్నని నాకో పేరుంది, ఎక్స్ఛేంజిలో. తీగ ఆ చివర ఎవరు అబద్ధమాడుతున్నారో గొంతుని బట్టి చెప్పేదాన్ని. ఈ చివర కూర్చున్నదాని గొంతు పట్టుకోలేకపోయాను.

అయితే ఒరేయ్, మనిద్దరి మధ్య ఉన్నంత వరకూ ఇది ఇంటి గొడవ. నా ముక్కలు నమ్మి మేడెక్కినవాళ్ల మాటేమిటి? వాళ్లకి అమ్మమ్మా లేదు, డాక్టరమ్మా లేదు. కింద రాసింది అచ్చెయ్యి. ఒక్క దీర్ఘం కూడా మార్చకు.

"మూడో అంతస్తు అమ్మమ్మనే మళ్లీ రాస్తున్నాను. ఇంతకుముందు మీరు చదివింది అబద్ధం. ఆ పొడి నేను తినలేదు, మనవడి మనసు నొప్పించలేక తిన్నట్టు రాశాను. నా నొప్పి తగ్గింది విరిగిన ఎముక అతుక్కుని, నేను వేసుకుంటున్నవి డాక్టరిచ్చిన మాత్రలు. ఆ పొడిలో స్టెరాయిడ్ ఉంది, అది ఎముకల్ని తినేస్తుంది. వాడేవాళ్లు ఒక్కసారిగా మానకండి, పడిపోతారు. పొట్లం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. మా మనవడు డాక్టర్ని అడక్కుండా మానేసి బండి మీద వెళ్లాడు. నన్ను తిట్టాలంటే మెట్లెక్కి రండి, ఇంట్లోనే ఉంటాను."

అమ్మమ్మ


జనరల్ వార్డు
గురువారం

అందింది. ఇప్పుడేమీ రాయను. రాస్తే తిడతాను.


మూడో అంతస్తు
సోమవారం

తిట్టు. కానీ రాసి తిట్టు.


బైండింగ్ గది
శనివారం

అమ్మమ్మా,

తిట్టడానికే కూర్చున్నాను. రెండు పేజీలు తిట్టాను. చదివి చూస్తే అందులో ఉన్నవన్నీ నాకే సరిపోతున్నాయి. ముసలిమనిషి ఇష్టం అడక్కుండా ఆమె ఒంటి మీద నిర్ణయాలు చేసే దోపిడీ శక్తులు, అని మొదలెట్టాను చూడు. చింపేశాను. అలుగుతానని భయపడి నాతో నిజం చెప్పలేకపోయావు. ఆ ఒక్క ముక్క మాత్రం చింపినా పోవట్లేదు. అలిగినా ఉత్తరాలు మానను, ఇది మాత్రం నమ్ము.

నీ ముక్కలు మెషీన్ అన్నే అచ్చేశాడు. నన్ను వంగనివ్వడం లేదు, కట్టలు ఎత్తనివ్వడం లేదు, నడుముకి పట్టీ కట్టుకుని నిలబడి మడతలు పెడుతున్నాను. కాగితాలు పట్టుకుని సంఘం మేడెక్కాను, ఒక్కో మెట్టూ పట్టుకుని. నా వాదన మొత్తం రాసుకుని వెళ్లాను. మాస్టారు సగం విని, "నీకెంత ఇచ్చారు?" అన్నారు. పక్కనున్నవాళ్లు, "కంపెనీలకి అమ్ముడుపోయిన మేధావి" అన్నారు. అది నా కరపత్రంలో వాక్యం. నాకు చాలా ఇష్టమైన వాక్యం. ఎదురుగా నిలబడి వింటే అంత బాగాలేదు.

ఒకప్పుడైతే కుర్చీ విసిరేవాణ్ని. విసరలేదు, సంయమనం కాదు, కుర్చీ ఎత్తకూడదు కదా. అందుకని జన్మలో మొదటిసారి నా కోపం చేతుల్లోకి రాక నోట్లోనే ఉండిపోయి, నోరు కూడా మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. చొక్కా ఎత్తి పొట్ట మీద చారలు చూపించాను. కండక్టరమ్మ చూపు తిప్పుకుంది.

ఆ తరవాత ఇల్లిల్లూ తిరిగాను. నమ్మినవాళ్లు తక్కువ. పొడి తింటే హాయిగా ఉంది, నీ మాట వింటే భయంగా ఉంది, మేం హాయివైపు, అన్నాడు ఒకాయన. న్యాయమే. నేను కూడా అటువైపే ఉండేవాణ్ని. నీ కాగితం మాత్రం తీసుకుంటున్నారు. "ఆ ముసలావిడ తనే రాసిందా?" అని అడుగుతున్నారు. అబద్ధమాడానని అచ్చేసుకున్న మనిషిని చూడలేదట. ఆసుపత్రికి ముందు కండక్టరమ్మ వచ్చింది. ఆవిడకీ చారలున్నాయట, చాలాకాలంగా చెంగు కింద దాచుకుంటోంది. తరవాత ఒకరిద్దరు, ఆ తరవాత బస్సు దిగినట్టు వచ్చారు. ఎముకల విభాగం వరండాలో బల్లల నిండా పున్నమి మొహాలే. డాక్టరమ్మ తలుపు తీసి, వరసంతా చూసి, "ఇంత మందా?" అని తలుపు మూసేసింది. మళ్లీ తెరిచి మొదటివాళ్లని పిలిచింది. పొడి కలిపినవాడి సంగతి కూడా అడిగి రాసుకుంది, అది ఎక్కడికి చేర్చాలో తనకి తెలుసునంది. మాస్టారు దాన్ని ఎవరి దగ్గరో బస్తాలతో కొనేవారు, లోపల ఏముందో ఆయనకీ తెలియదు. ఆయనా పొద్దునొక చెంచా, సాయంత్రం ఒక చెంచా తినే మనిషే.

మాస్టారు నిన్న వచ్చారు.

వరండా చివర, గోడవైపు బల్ల మీద, ఎవరూ చూడనట్టు కూర్చున్నారు. ఆయన వస్తే అనాలని నేను దాచిపెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి, వరసలో పేర్చి పెట్టుకున్నాను. లోపలినుంచి ఆయన్ని పిలిచారు. ఆయన లేవలేదు. మళ్లీ పిలిచారు. అప్పుడు చూశాను, లేవడానికి చూస్తున్నారు, తొడలు మాట వినడం లేదు. ఈ మందు కండల్ని కూడా తినేస్తుందట. మైదానమంతా పిల్లల్ని లేపి కూర్చోబెట్టిన మనిషి, బల్ల అంచు పట్టుకుని నేల వంక చూస్తున్నారు.

"చూస్తావేంట్రా, చెయ్యివ్వు" అన్నారు.

"ఇవ్వకూడదండీ. నన్ను ఎత్తనివ్వరు" అన్నాను.

"మరెలా?"

నాకు ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పినట్టు ఆయనకి చెప్పాను. ముందుకి జరగండి. పాదాలు లోపలికి లాక్కోండి. చేతులు తొడల మీద. ఛాతీ ముందుకి వంచండి. చెప్పినట్టల్లా చేశారు, చిన్నపిల్లాడిలా, నా వంకే చూస్తూ. నేను దాచుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, నోటికి వచ్చింది ఒకటే. "ఒకటి, రెండు, మూడు, లేవండి."

లేవలేదు. మళ్లీ అన్నాను. మూడోసారికి లేచారు. ఒక్క క్షణం ఊగి, గోడ పట్టుకుని నిలబడి, అలవాటు కొద్దీ చొక్కా సర్దుకున్నారు. తలుపు దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి కఠినంగా చూశారు.

"అంకెలు చెప్పేటప్పుడు గొంతు కడుపులోంచి రావాలి. అలా గొణిగితే ఎవడు లేస్తాడు?" అని లోపలికి వెళ్లారు.

నీ మనవడు